దేవుడితో మాటలు కలవాలంటే ఏం చేయాలి

మన ఊళ్లలో ఇద్దరి మధ్య చెడిందంటే "వాళ్లకి మాటల్లేవు" అంటాం. పెద్ద కొట్లాట జరగక్కర్లేదు. ఎదురుపడితే ఒకరు సందు తిరిగిపోతారు, పెళ్లిలో ఒకే బంతిలో కూర్చోరు, ఏదైనా అవసరమైతే పిల్లల చేత కబురు పంపుతారు. కొన్నేళ్లకి ఎందుకు చెడిందో కూడా సరిగా గుర్తుండదు. మాటల్లేకపోవడం మాత్రం అలాగే ఉంటుంది.

చాలామంది క్రైస్తవులకు దేవుడితో ఇదే పరిస్థితి. ఆదివారం గుడికి వెళ్తారు, పాడతారు, కానుక వేస్తారు, గుమ్మం మీద వాక్యం స్టిక్కరు ఉంటుంది. మాటలు మాత్రం లేవు. ఏదైనా కావాలంటే పాస్టరు గారి చేత ప్రార్థన చేయిస్తారు, అంటే కబురు పంపుతారన్నమాట.

ఇది వాళ్ల కోసం. యేసు గురించి కొత్తగా తెలుసుకుంటున్నవారికీ పనికొస్తుంది. నేను పాస్టర్ని కాను. ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, చాలాకాలంగా సండే స్కూల్లో పిల్లలకు చెప్తున్నవాణ్ణి. కింద రాసేదాంట్లో కొంత వాక్యం, కొంత నా సొంత గొడవ.

ముందు "సమాధానం" అనే మాట సంగతి

మామూలు తెలుగులో సమాధానం అంటే జవాబు. పరీక్షలో రాసేది. మన బైబిల్లో అది వేరు. రోమా 5:1 చూడండి: "కాబట్టి విశ్వాసమూలమున మనము నీతిమంతులముగా తీర్చబడి, మన ప్రభువైన యేసుక్రీస్తుద్వారా దేవునితో సమాధానము కలిగియుందము." పాత తెలుగులో సమాధానపడటం అంటే తగువు తీరడం, రాజీపడటం, మళ్లీ కలిసిపోవడం. ఇక్కడ ఉన్నది ఆ అర్థమే.

ఫిలిప్పీ 4:7లో ఇంకో మాట ఉంది: "దేవుని సమాధానము". అది మన హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుందట. ఇది మనసుకు సంబంధించినది, మనం నెమ్మది అనుకునేది. దేవునితో సమాధానం వేరు, దేవుని సమాధానం వేరు. మొదటిది తెగిన సంబంధం కుదరడం. రెండోది ఆ కుదిరిన సంబంధంలోంచి వచ్చే నెమ్మది. మనలో ఎక్కువమంది మొదటిది వదిలేసి రెండోదాని కోసం తిరుగుతారు. ఉపవాస ప్రార్థనలకు వెళ్తారు, ప్రార్థన చేసిన నూనె తెచ్చుకుంటారు, పాటలు పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. కాసేపు బాగానే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి పోతుంది. అన్నదమ్ముల తగువు తీరకుండా మంచి నిద్ర కోసం మాత్ర వేసుకుంటే ఎంతసేపు పనిచేస్తుంది?

ఇంకో సంగతి. లోకంలో తప్పు చేసినవాడు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి బతిమాలుకోవాలి. రెండో కొరింథీ 5:20లో తిరకాసు ఉంది. "దేవునితో సమాధానపడుడని" బతిమాలుకుంటున్నామని పౌలు రాస్తాడు. ఎవరి తరఫున? క్రీస్తు తరఫున. అంటే అన్యాయానికి గురైనవాడే మనిషిని పంపి, తప్పు చేసినవాణ్ణి బతిమాలిస్తున్నాడు. రాజీకి అయిన ఖర్చు కూడా అవతలివాడే పెట్టుకున్నాడు, సిలువ మీద. ఈ లెక్కలో మీ వంతు ఎంత కొంచెమో అర్థమయ్యాకే, మీరు చేయాల్సింది మొదలుపెట్టండి. లేదంటే ఇదంతా మళ్లీ పుణ్యం సంపాదించే పనై కూర్చుంటుంది.

మీ అశాంతి ఏ రకమో తేల్చుకోండి

అన్ని అశాంతులకూ పాపం ఒప్పుకోవడం మందు కాదు. ఇది తేల్చుకోకపోవడం వల్ల నలిగిపోయినవాళ్లను చూశాను.

తప్పు వల్ల వచ్చే అశాంతికి ఒక గుర్తు ఉంది. దానికి ఒక తేదీ, ఒక చోటు, ఒక ముఖం ఉంటాయి. "ఫలానా రోజు ఫలానావాడికి ఇలా చేశాను" అని చెప్పగలరు. ఎవరో ఆ పేరెత్తితే గుండె జారుతుంది. ముప్పై రెండో కీర్తనలో రచయిత చెప్పేది ఇదే. నోరు మూసుకుని ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయట, వేసవిలో ఎండిపోయినట్టు సారం ఇంకిపోయిందట. ఇది మీదైతే కింద రాసిన దారి మీదే.

రెండో రకం, పేరు లేని బరువు. ఏ తప్పూ గుర్తుకు రాదు, కానీ వారాల తరబడి నిద్ర పట్టదు, తిండి సయించదు, బతకాలని ఉండదు. దీన్ని "విశ్వాసం తక్కువ" అని తిట్టేవాళ్ల మాట వినకండి. మొదటి రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని "నన్ను తీసుకుపో" అన్నప్పుడు దేవదూత ఒక్క ప్రసంగం కూడా చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు పెట్టి, లేచి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు. తర్వాత మళ్లీ లేపి తినమన్నాడు. మీది ఈ రకమైతే డాక్టరును చూడండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థనా మానక్కర్లేదు, మందూ మానక్కర్లేదు.

మూడో రకం, కష్టం వచ్చింది కాబట్టి దేవుడు కోపంగా ఉన్నాడనుకోవడం. బిడ్డకు జబ్బు చేసింది, పంట పోయింది, "ఏ పాపం చేశామో" అని ఇంటిల్లిపాదీ వెతకడం. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు, వీడా వీడి కన్నవాళ్లా ఎవరు పాపం చేశారని. ఇద్దరూ కాదన్నాడు యేసు. అంతే.

చదవండి, కానీ కొంచెమే

ఒక వారం పెట్టుకోండి. ఆదికాండం నుంచి మొదలుపెడితే లేవీయకాండం దగ్గర ఆగిపోతారు, నాకు తెలుసు. నాలుగు చోట్లు చాలు: కీర్తన 32, లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ, లూకా 18:9 నుంచి 14, రోమా 5:1 నుంచి 11. పైకి చదవండి, మీ చెవికి వినబడేలా. పాత అనువాదంలో "ఒప్పుకొనినయెడల", "కలిగియుందము" అనే మాటలు అడ్డుపడితే వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి, తప్పేం లేదు.

లూకా 15 దగ్గర ఆగి ఒకటి గమనించండి. పందుల దగ్గర కూర్చుని చిన్నకొడుకు ఇంటికెళ్లి ఏం చెప్పాలో ముందే తయారుచేసుకుంటాడు. అందులో మూడు ముక్కలున్నాయి. నేను పాపం చేశాను. నీ కొడుకుననిపించుకోవడానికి తగను. నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇది 18, 19 వచనాల్లో ఉంది. ఇప్పుడు 21 చూడండి. తండ్రి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాక వాడు చెప్పగలిగింది మొదటి రెండు ముక్కలే. మూడోది రాదు. తండ్రి మధ్యలోనే అందుకుని, మంచి వస్త్రం తెమ్మంటాడు, ఉంగరం తెమ్మంటాడు, చెప్పులు తొడగమంటాడు.

మనం ఎక్కువగా ప్రార్థించేది ఆ మూడో ముక్కే. "ప్రభువా, ఈసారి క్షమిస్తే వారానికి రెండు రోజులు ఉపవాసం ఉంటాను, దశమభాగం తప్పక ఇస్తాను." కూలి మాట్లాడుకోవడం. ఆయన వినదలచుకోని ముక్క అదే. వాక్యం చెప్పేవాళ్లలో కూడా కొందరు కానుకతో సమాధానం ముడిపెడతారు. ఇంత వేస్తే ఇంత అని. అలాంటిచోట సంచీ ముందుకొస్తే మీరు మర్యాదగా లేచి వచ్చేయొచ్చు.

కాగితం మీద రాయండి

నా మాట విని ఇది తప్పకుండా చేయండి. ఫోన్లో కాదు, కాగితం మీద, పెన్నుతో. ఎవరికంటా పడని సమయం చూసుకోండి.

"నేను ఘోరపాపిని" అని రాయకండి. అది రాయడం చాలా తేలిక. అందరూ ఘోరపాపులే అయితే ఎవరూ ఏమీ చేయలేదన్నట్టే. ఏం చేశారో రాయండి. కోపిష్టినని కాదు, "సంక్రాంతి నాడు పిల్లల ముందు భార్యను కొట్టాను" అని. డబ్బు మీద ఆశ ఉందని కాదు, ఎవరి డబ్బు, ఎంత.

నా సంగతి చెప్తాను. ఒకప్పుడు మా సంఘం లెక్కలు నా చేతిలో ఉండేవి. గుడి కప్పు వేయించడానికి పోగుచేసిన డబ్బు ఇంట్లో బీరువాలో ఉంది. మా అబ్బాయి కాలేజీ ఫీజుకు గడువు దగ్గరపడింది. అందులోంచి 18,000 తీశాను. చీటీ పాడగానే, అంటే ఓ నలభై రోజులకు, తిరిగి పెట్టేశాను. ఎవరికీ తెలియదు, లెక్క రూపాయి తేడా లేదు. కానీ ఆ తర్వాత రెండేళ్లు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల వేళకు, అంటే యేసు మరణాన్ని తలచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వేళకు, బయట బండ్లు సర్దే పని మీద వెళ్లిపోయేవాణ్ణి.

రాయడానికి కూర్చున్నప్పుడు మొదట రాసింది ఇది: "సంఘం డబ్బు విషయంలో కొంత అజాగ్రత్తగా ఉన్నాను." చదువుకున్నాను. ఆడిటర్ రాసినట్టుంది. కొట్టేశాను. "అవసరానికి సంఘం డబ్బు వాడుకున్నాను." అవసరం, వాడుకోవడం, రెండూ నా వైపు వకాలత్ పుచ్చుకున్న మాటలే. అదీ కొట్టేశాను. మూడోసారి: "గుడి కప్పు డబ్బు 18,000 దొంగిలించాను. తిరిగి పెట్టాను కాబట్టి దొంగతనం కాదని రెండేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను." ఆ వాక్యం రాశాక చేతికి చెమట పట్టింది. అసలు తప్పు దొరికిందని అప్పుడు తెలిసింది.

మీరు కూడా మొదటిసారి రాసిందాన్ని నమ్మకండి. రెండు మూడు సార్లు కొట్టేయండి. కొంచెం, ఏదో, పరిస్థితుల వల్ల, తెలియక లాంటివి ఎక్కడ కనబడితే అక్కడ ఆగి, నిజమా అని అడగండి. నిజంగా తెలియక చేసిందైతే ఉంచండి.

ఇప్పుడు నోరు తెరవండి

మన ప్రార్థనల గురించి ఒక మాట అనుకోవాలి. తెలుగు సంఘాల్లో ప్రార్థన అనగానే గొంతు మారిపోతుంది. "మహోన్నతుడవును మహా ఘనుడవునైన పరిశుద్ధుడవగు తండ్రీ, వేలాది వందనములు, లెక్కింపలేని స్తోత్రములు" అంటూ పది నిమిషాలు గ్రాంథికం నడుస్తుంది, అసలు సంగతి రాకుండానే ఆమెన్ వచ్చేస్తుంది. స్తుతించడం మంచిదే. దాక్కోవడానికి వాడుకుంటేనే చిక్కు.

లూకా 18లో ధర్మశాస్త్రం తు.చ. తప్పక పాటించే పరిసయ్యుడి ప్రార్థన పొడుగ్గా ఉంది. పన్నులు వసూలు చేసే సుంకరిది తెలుగులో నాలుగే మాటలు: "దేవా, పాపినైన నన్ను కరుణించుము". నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లినవాడు ఈ నాలుగు మాటలవాడే అన్నాడు యేసు.

తలుపు వేసుకోండి. మోకాళ్లు సహకరిస్తే మోకరించండి, లేకపోతే కుర్చీ చాలు. కాగితం చదవండి, పైకి. ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడండి. ఇలా ఉండొచ్చు:

"తండ్రీ, నీతో మాట్లాడి చాలా రోజులైంది. ఇదిగో, నేను చేసింది ఇది. సాకులేం చెప్పను. దీన్ని నేను సరిచేసుకోలేను. యేసు నా కోసం చనిపోయి లేచాడని నమ్ముతున్నాను. ఆయన్ని బట్టి నన్ను క్షమించు. నన్ను నీ బిడ్డగా ఉంచుకో. ఇక నుంచి నువ్వు చెప్పినట్టు నడవడానికి నాకు సాయం చెయ్యి."

ఇందులో మంత్రశక్తి ఏమీ లేదు. మీకు వేరే మాటలొస్తే అవే మంచివి. ఏడుపు రాకపోయినా ఫరవాలేదు. మారుమనస్సు అనే మాట చూడండి, మారేది మనస్సు, కళ్లు కాదు.

మీరు కథోలిక సంఘంవారైతే ఈ పని గురువు గారి దగ్గర పాపసంకీర్తనంలో జరుగుతుంది. కాగితం అక్కడికి కూడా పనికొస్తుంది, ఆత్మశోధన అంటే అదే కదా. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ ఆరాధనల్లో ప్రభు బల్ల సంస్కారానికి ముందు అందరూ కలిసి చెప్పే ఒప్పుకోలు ఉంది. కంఠతా వచ్చిందని దాన్ని గబగబా దాటించేయకండి. "తలంపు, మాట, క్రియ" అన్నచోట మీ కాగితంలోది గుర్తుచేసుకోండి. బాప్టిస్టులం మేం ఎవరికి వారుగా దేవుడి దగ్గర ఒప్పుకుంటాం. అందుకే మాకు దాచుకోవడం కూడా తేలిక, నన్ను చూస్తే తెలుస్తోందిగా. యాకోబు 5:16 ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. నోరు జారని ఒక పెద్దమనిషినో, పెద్దావిణ్ణో చూసుకోండి. తోటి మనిషి ముఖం చూస్తూ చెప్పినప్పుడు కలిగే ఉపశమనం వేరు.

క్షమించాడని తీసుకోండి

ఇక్కడే ఎక్కువమంది కాలు జారతారు. ప్రార్థన అయిపోయాక కళ్లు తెరిచి, లోపల ఏమైనా అనిపిస్తోందా అని చూసుకుంటారు. ఏమీ అనిపించదు. "ఇంకా క్షమించలేదేమో" అని మళ్లీ మొదలు.

మొదటి యోహాను 1:9 ఏం చెప్తుందో చూడండి. మన పాపాలు మనం ఒప్పుకుంటే, ఆయన నమ్మదగినవాడూ నీతిమంతుడూ కాబట్టి క్షమిస్తాడు. ఆధారం ఆయన గుణం. మీ గుండె వేడి కాదు. రిజిస్ట్రేషన్ అయిన స్థలం కాగితాలు చేతికొచ్చాక, ఆ స్థలంలో నిలబడితే సొంతమనిపించకపోయినా అది సొంతమే.

గుండె వేడి అన్నాను కాబట్టి, మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ సంగతి. 1738 మే 24 సాయంత్రం, లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడిక. అప్పటికే ఆయన పాదిరి, అమెరికా వెళ్లి పరిచర్య చేసి మనసు విరిగి తిరిగొచ్చినవాడు. ఇష్టం లేకుండానే వెళ్లాడు. రోమా పత్రికకు, అంటే రోమీయులకు పౌలు రాసిన ఉత్తరానికి, సంఘ సంస్కర్త లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు తన హృదయం వింతగా వెచ్చబడిందని, క్రీస్తును నమ్ముతున్నానన్న నిశ్చయం కలిగిందని దినచర్యలో రాసుకున్నాడు. మెథడిస్టులు ఇప్పటికీ ఆ రోజును గుర్తుచేసుకుంటారు. సభల్లో చెప్పనిది దాని తర్వాతిది: ఇంటికి వెళ్లగానే శోధనలు చుట్టుముట్టాయని, తర్వాతి రోజుల్లో సందేహాలు వచ్చాయని కూడా అదే దినచర్యలో ఉంది. వెచ్చదనం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఆయన గుర్రమెక్కి యాభై ఏళ్లు ప్రకటించింది మాత్రం వెచ్చదనాన్ని కాదు.

"కలిగియుందము" అని ఎందుకుందో అనే అనుమానం నాకు చాలాకాలం ఉండేది. సమాధానం ఉందా, లేక ఉండేలా చూసుకుందామా? గ్రీకు ప్రతుల్లో ఆ క్రియలో ఒక్క అక్షరం, చిన్న ఓ, పెద్ద ఓ, తేడా ఉందట. ఒకటైతే "కలిగియున్నాము", ఇంకోటైతే "కలిగియుందము". మన అనువాదం రెండోదాన్ని పట్టుకుంది. నాకైతే రెండూ కావాలి. ఇల్లు మనదే, ఇక వెళ్లి ఉందాం.

కాబట్టి ఆ రోజు తేదీ ఒక చిన్న చీటీ మీద రాసి బైబిల్లో రోమా 5 దగ్గర పెట్టుకోండి. పాపాలు రాసిన పెద్ద కాగితం మాత్రం పొయ్యిలో వేసేయండి. మనుషులతో తేల్చుకోవాల్సినవి ఉంటే అవి మాత్రం ముందు వేరే రాసుకోండి.

మనుషుల దగ్గరకు వెళ్లండి

ఇది కష్టమైన భాగం. ఎక్కువ పుస్తకాలు దీన్ని ఒక్క పేరాలో దాటేస్తాయి.

మత్తయి 5:23, 24: బలిపీఠం దగ్గర కానుకతో నిలబడ్డప్పుడు నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి వెళ్లి ముందు అతనితో సమాధానపడు. గమనించండి, నీకు అతని మీద కోపం ఉంటే అనలేదు. అతనికి నీ మీద ఉంటే అన్నాడు. యేసును చూడటానికి చెట్టెక్కిన సుంకరి జక్కయ్య అయితే చెట్టు దిగిన రోజే ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానన్నాడు. అలా ఇస్తే రక్షణ వస్తుందని కాదు, యేసు అప్పటికే వాళ్లింటికి వచ్చేశాడు.

వెళ్లినప్పుడు ఎలా మాట్లాడాలో కూడా చెప్తాను, ఎందుకంటే నోటికి తప్పుడు మాటే ముందొస్తుంది. "అన్నా, నా వల్ల ఏమన్నా బాధ కలిగి ఉంటే క్షమించు" అనకండి. ఉంటే ఏమిటి? ఉంది కాబట్టే కదా వెళ్లారు. "నువ్వూ ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని కలపకండి. ఇలా అనండి: "అన్నా, గట్టు జరిపింది నేనే. సర్వేయరు ముందు అబద్ధం చెప్పాను. తప్పు నాది. పాత చోటికి జరిపిస్తాను, ఖర్చు నాదే." తర్వాత ఊరుకోండి. ఆయన తిట్టొచ్చు. కాఫీ ఇవ్వొచ్చు. తలుపు వేసేయొచ్చు. క్షమించడం ఆయన చేతిలో ఉంది, మీ చేతిలో లేదు. రోమా 12:18 "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అంటుంది, అంతవరకే మీ బాధ్యత.

నేను ముందు మా పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్లాను. "అయ్యగారూ, ఒక మాట చెప్పాలి" అని వరండాలో కూర్చున్నాను. విన్నాడు. నేను ఏదో మందలింపు కోసం ఎదురుచూస్తున్నాను. "దేవుడు క్షమించాడా అంటే క్షమించాడు. సంఘానికి చెప్పాలా అంటే చెప్పాలి. ఆ రెండూ కలిపేయకు బాబూ" అన్నాడు. కమిటీలో చెప్పాను. ఒక పెద్దాయన "తిరిగి పెట్టేశాడుగా, ఇప్పుడెందుకీ రచ్చ" అన్నారు. ఇంకొకాయన నా వైపు చూడకుండానే "ఇకనుంచి లెక్కలు ఇద్దరి చేతిలో ఉండాలి, డబ్బు బ్యాంకులో ఉండాలి" అన్నారు. ఆయనన్నదే సబబు. బాధ్యత నా నుంచి తీసేశారు. ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మొదటి ఆదివారాలు మీరు బండ్ల దగ్గరకెందుకెళ్లేవారో ఇప్పుడర్థమైంది" అంది.

రెండు హెచ్చరికలు. మీ బరువు దించుకోవడానికి ఇంకొకరి నెత్తిన పెట్టకండి. కొన్ని తప్పులు అవతలివాళ్లకు చెప్తే వాళ్ల కాపురమో, ప్రాణమో పోతుంది. అలాంటివాటికి ముందు అనుభవమున్న సంఘ కాపరితో, అంటే పాస్టరుతో, మాట్లాడండి. రెండోది, అన్యాయం జరిగింది మీకైతే. క్షమించడమంటే కొట్టేవాడి దగ్గరకు మళ్లీ వెళ్లి ఉండటం కాదు. కేసు పెట్టకూడదనీ కాదు. పగ తీర్చుకోవడం దేవుడికి వదిలేసి, తలుపు గడియ మాత్రం మీ చేతిలో పెట్టుకోవచ్చు.

సంఘం, నీళ్లు, బల్ల

ఒంటరిగా ఈ దారిలో ఎక్కువ దూరం వెళ్లలేరు. బాప్తిస్మం తీసుకోనివాళ్లు కాపరితో మాట్లాడండి. తొందర పెట్టే చోట కాకుండా, కొన్ని వారాలు నేర్పే చోట తీసుకోండి. మా ప్రాంతం సంగతే చూడండి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. అప్పుడు వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని, సాయం ఆగేదాకా ఆపాడు. తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఇచ్చారు. రాసి చూస్తే పెద్ద సంఖ్య. నదిలో మాత్రం ఒక్కొక్కరు, ఒక్కొక్క పేరు.

ఈ రోజుల్లో బాప్తిస్మానికి వెనకాడటానికి ఇంకో కారణం ఉంది, గుళ్లో ఎవరూ పైకి మాట్లాడరు కాబట్టి నేనే అంటున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రాల్లో బీసీ-సి కిందకు వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీద ఉంటే సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. ఆ ఉత్తర్వే అన్యాయమని నా అభిప్రాయం. ఆ ముడి ఎలా విప్పుకోవాలో మీ తరఫున నేను తీర్పు చెప్పను. కానీ దాన్ని దేవుడి ముందు దాచి ఉంచకండి. కాగితం మీద అదీ రాయండి, అదీ మాట్లాడండి.

ప్రభు బల్ల నుంచి తప్పించుకు తిరిగేవాళ్లకు: మొదటి కొరింథీ 11:28 తనను తాను పరీక్షించుకోమంటుంది. వెంటనే "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అంటుంది. పరీక్షించుకుని పారిపొమ్మనలేదు. పరీక్షించుకుని తినమంది.

మళ్లీ అనుమానం వస్తే

వస్తుంది. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ప్రతి వేసవిలో సువార్త సభలు జరిగేవి. చివర్లో "రక్షణ కావాలన్నవారు చేతులెత్తండి" అనేవారు. నేను నాలుగు సభల్లో ఎత్తాను. ఐదోసారి ఎత్తబోతుంటే పక్కనున్న మా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కిందికి లాగి, "ఎన్నిసార్లు పుడతావురా?" అంది.

పాత తప్పు గుర్తొస్తే మళ్లీ ఒప్పుకోవక్కర్లేదు. కృతజ్ఞత చెప్పండి. కొత్త తప్పు చేస్తే ఆ రోజే చెప్పేయండి, పేరుకోనివ్వకండి. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు చాలు. మాటలున్న ఇంట్లో కూడా మాటా మాటా వస్తుంది, అది వేరు.

చీటీ దాచుకోమన్నాను కదా. నాది ఇప్పటికీ రోమా 5 దగ్గరే ఉంది, కిరాణా కొట్టు రసీదు వెనక రాసింది, అంచులు పసుపుపచ్చబడ్డాయి. దాని మీద ఒక తేదీ, కింద నాలుగు మాటలు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం బల్ల వేళకు నేను లేవలేదు. పళ్లెం మా వరసకి వచ్చింది. మా ఆవిడ తను తీసుకుని, నా వైపు తిప్పింది.